మొదటి బిడ్డతో మొదటి మూడు నెలలు: ఏ భయం ఉంచుకోవాలి, ఏ భయం వదిలీయాలి

మా పాప పుట్టిన నాలుగో రోజు రాత్రి, టైం రెండు దాటింది, నేను ఫోన్ టార్చి దుప్పట్లో పెట్టి దాని పొట్ట మీద సన్నగా వెలుగు పడేలా పట్టుకుని కూర్చున్నాను, పొట్ట పైకీ కిందకీ ఆడుతోందా లేదా చూద్దామని. గబగబా నాలుగైదు ఊపిర్లు తీసింది, ఆపీసింది. ఒకటి, రెండు, మూడు... ఏడు దాకా లెక్కపెట్టాను, ఇంక నా వల్ల కాలేదు, భుజం పట్టుకుని లేపీసాను. గుక్కపెట్టి ఏడ్చింది. పక్క మంచం మీంచి అమ్మ లేచి "ఏటే ఇది, సంటిదాన్ని నిద్రోనివ్వవేటి, నువ్వూ నిద్రోవేటి" అని దాన్ని తీసుకుని భుజాన వేసుకుంది. ఆ రాత్రి అలగ నాలుగు సార్లు లేపాను దాన్ని.

ఇప్పుడు మా పిన్ని కూతురు ఆమదాలవలసలో పురిటికొచ్చి ఉంది, రోజూ రాత్రి నాకు ఫోన్ చేసి అవే అడుగుతోంది, అప్పా ఎక్కిళ్ళు ఆగట్లేదు, అప్పా తుమ్మింది, అప్పా మోషన్ రంగు మారింది. దానికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒక చోట రాస్తే ఇంకో నలుగురికి కూడా పనికొస్తుందనిపించింది. భయపడకు అని ఎవరైనా అంటే నాకైతే అప్పట్లో కోపం వచ్చేది, బిడ్డ పుట్టాక భయం ఎలగ మానుతాం. కానీ ఒక్క ప్రశ్న వేసుకోవచ్చు, నేను చేస్తున్న ఈ పని వల్ల బిడ్డకి మేలు జరుగుతోందా, లేకపోతే నా గుండెదడ ఒక్క నిమిషం తగ్గుతోందా అని. బిడ్డకి మేలు జరిగేవి ఉంచుకోండి, ఎవరేమన్నా సరే ఉంచుకోండి. రెండో రకం మెల్లగా తగ్గించుకోవాలి, ఎందుకంటే అవి తల్లి నిద్ర తినీస్తాయి, నిద్ర లేని తల్లికి నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు కనిపెట్టే ఓపిక ఉండదు.

ఊపిరి చూసుకోవడం

చంటిపిల్లల ఊపిరి మనలాగ సమానంగా ఉండదు. గబగబా తీస్తారు, ఐదారు సెకన్లు ఆపుతారు, మళ్ళీ మొదలుపెడతారు. పది సెకన్ల లోపు ఆగి తనంతట తనే మళ్ళీ తీస్తే, రంగు మారకుండా ఉంటే, అది మామూలే, మొదటి కొన్ని నెలల్లో మెల్లగా సర్దుకుంటుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా నాకు డిశ్చార్జి చేసేటప్పుడే చెప్పుంటే ఆ రాత్రి నిద్ర మిగిలేది.

ముక్కు కింద వేలు పెట్టి చూడటం, చేతి అద్దం పెట్టి ఆవిరి పడుతుందా లేదా చూడటం (మా అప్ప రాజాంలో ఉన్నప్పుడు వాళ్ళబ్బాయికి చేసేది ఇది) మానీండి, వాటివల్ల తెలిసేది ఏమీ లేదు, బిడ్డ లేస్తుంది అంతే. మీకు నిజంగా అనుమానం వస్తే లెక్కపెట్టండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు, ఏడవనప్పుడు, చొక్కా కొంచెం పైకి తీసి పొట్ట ఎన్ని సార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చించకూడదు, మధ్యలో ఆగుతారు కాబట్టి లెక్క తప్పుతుంది. 30 నుంచి 60 లోపు వస్తే బాగున్నట్టు. 60 గానీ పైన గానీ వస్తే కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టండి, రెండోసారి కూడా అంతే వస్తే ఆసుపత్రికి బయల్దేరండి. ఇరవై సెకన్లు ఆగిపోయినా, పెదాలు నాలిక నీలంగా మారినా, డొక్కలు బాగా లోపలికి పోతూ ఊపిరి తీస్తున్నా, మూలుగుతున్నా ఇంక లెక్కలక్కర్లేదు, 108కి ఫోన్ చేయడమే.

నేను పెట్టుకున్న పద్ధతి ఏటంటే పడుకోబోయే ముందు ఒకసారి, రాత్రి పాలకి లేచినప్పుడల్లా ఒకసారి చూస్తాను, మధ్యలో మెలకువొస్తే చూడను. మొదటి రెండు రోజులు చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది, తర్వాత అలవాటైపోయింది.

దానికి బదులు ఆ శ్రద్ధంతా పడుకోబెట్టే చోటు మీద పెట్టండి, అసలు కాపాడేది అదే. వెల్లకిలా పడుకోబెట్టాలి, ప్రతి సారీ. పరుపు గట్టిగా ఉండాలి, మెత్తటి దూది పరుపులో మొహం కూరుకుపోతుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండో రాగుల దిండో పెడతారు మన వైపు, మా అత్తమ్మ కూడా కుట్టించి పంపింది, నేను దాన్ని బీరువాలో దాచాను, ఆవిడతో వాదన పెట్టుకోలేదు. తల షేపు కోసమైతే మెలకువగా ఉన్నప్పుడు మన ఎదురుగా బోర్లా కాసేపు ఉంచితే చాలు, పడుకోబెట్టేటప్పుడు తల ఓ పూట ఇటు ఓ పూట అటు తిప్పితే చాలు. బొమ్మలు, దుప్పట్లు మొహం దగ్గర ఉండకూడదు. మీ గదిలోనే, మీ చేతికి అందేంత దగ్గర్లో, కానీ విడిగా వేరే పక్క మీద ఉంటే మంచిది. చీర ఉయ్యాల పగలు ఎవరో ఒకరు చూస్తూ ఉన్నప్పుడు పర్లేదు గానీ, రాత్రంతా అందులో పడుకోబెట్టొద్దు, మొదటి నెలల్లో పిల్లలకి మెడ నిలవదు కదా, ఆ వంపులో గడ్డం గుండెకి ఆనుకుపోతే ఊపిరి కష్టమవుతుంది. దోమలకి గొడుగు లాంటి దోమతెర పెట్టండి, కాయిల్ వద్దు, అగరబత్తీ కూడా వద్దు ఆ గదిలో.

ఇంట్లో చప్పుడు కాకూడదనే రూలు

మా అమ్మ వాళ్ళిల్లు విజీనారంలో, గంటస్తంభానికి బాగా దగ్గర. పాప పుట్టింది దసరా ముందు. ఇంటికొచ్చిన రోజు నుంచి నేను మిక్సీ బంద్ చేయించాను. కుక్కర్ విజిల్ వద్దన్నాను, అన్నం గిన్నెలో వార్చేవారు. కాలింగ్ బెల్ వైరు మా తమ్ముడితో పీకించాను, వచ్చినవాళ్ళు గేటు దగ్గర నుంచి ఫోన్ చేయాలి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అయినా నా పత్యంలోకి కారప్పొడి, పచ్చడీ తొమ్మిది రోజులు రోట్లో నూరింది, ఒక్క మాట అనలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగోదు.

దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను. పైడితల్లమ్మ పండగంటే మీకు తెల్సు కదా, ఊరూ వాడా జనం, డప్పులు, మైకులు, మా వీధంతా కేకలు. నేను పాపని లోపలి గదిలో పెట్టుకుని తలుపులన్నీ మూసి దాని చెవుల మీద నా చేతులు పెట్టి కూర్చున్నాను. అది పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయింది. మైకులు మోగుతున్నాయి, అది పడుకునే ఉంది, మూడు గంటలు. ఆ మర్నాడు పొద్దున్నే అమ్మకి మిక్సీ పెట్టుకోమని చెప్పాను.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ నిశ్శబ్దంలో లేదు, మన గుండె చప్పుడు, రక్తం పారే హోరు, మన మాటలు అన్నీ వింటూనే ఉంది. అందుకే ఫ్యాన్ శబ్దానికీ జనం మాటలకీ హాయిగా పడుకుంటారు. పగలు ఇల్లు మామూలుగా ఉండనివ్వండి, కిటికీ తెరిచి వెలుగు రానివ్వండి, రాత్రి దీపం తగ్గించి మాటలు తగ్గించండి, పగలూ రాత్రీ తేడా పిల్లలకి అలగే తెలుస్తుంది. చెవులు చిల్లులు పడే డీజే బాక్సులు, దీపావళి బాంబులు వేరే సంగతి, వాటికి దూరంగా తీసుకెళ్ళాల్సిందే.

గిన్నె కింద పడితే పిల్లలు రెండు చేతులూ చాపి ఉలిక్కిపడతారు కదా, దాన్ని చూసి జడుసుకుంది అని తాయత్తులకి పరిగెత్తుతారు. అది అన్ని పిల్లలకీ పుట్టుకతో వచ్చే కదలిక, అసలు అది ఉండటమే మంచి గుర్తు, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పోతుంది. ఫిట్స్ అనుమానం వస్తే వణుకుతున్న చెయ్యి మెల్లగా పట్టుకోండి, పట్టుకోగానే ఆగితే మామూలు వణుకు. పట్టుకున్నా ఆగకుండా కొట్టుకుంటుంటే, కళ్ళు ఒక పక్కకి నిలబడిపోతే, నోరు అదే పనిగా చప్పరిస్తుంటే వెంటనే తీసుకెళ్ళాలి.

మోషన్ల డైరీ, తూకాలు

నేను పాత అకౌంట్ పుస్తకంలో గీతలు గీసి టైం, ఏ వైపు పాలు, ఎన్ని నిమిషాలు, ఉచ్చ, మోషన్, రంగు, అన్నీ రాసేదాన్ని. ఫోటోలు తీసి మా అప్పకి వాట్సాప్‌లో పెట్టేదాన్ని, అది అన్నం తింటూ చూసేది పాపం, అయినా జవాబిచ్చేది. పదమూడు రోజులు రాశాక చూస్తే ఆ పుస్తకం నాకు పనికొచ్చింది ఒక్క లెక్కకే, ఉచ్చ ఎన్ని సార్లు పోసింది అన్నది. మిగతావన్నీ రాయకపోయినా ఏం కాదు.

ఐదో రోజు నుంచి రోజుకి ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ గుడ్డలు తడుస్తుంటే పాలు సరిపోతున్నట్టు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పాలు చాలట్లేదేమో అన్న అనుమానం మొదటిసారి తల్లిని తినేసినంతగా ఇంకేదీ తినదు. మోషన్ మొదటి రెండు మూడు రోజులు తారులాగ నల్లగా జిగటగా వస్తుంది, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత ఆవపిండి రంగులోకి మారుతుంది, మధ్యలో గింజల్లాగ ఉంటాయి. తల్లిపాలు తాగే బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ వెళ్ళొచ్చు, అది విరేచనాలు కాదు. నెలన్నర దాటాక నాలుగైదు రోజులు వెళ్ళకపోనూవచ్చు, మెత్తగా వచ్చి, పొట్ట ఉబ్బకుండా, బాగా తాగుతుంటే ఏం చేయక్కర్లేదు, ఆముదం పట్టడం, సబ్బు ముక్క పెట్టడం, తమలపాకు కాడ పెట్టడం అసలు వద్దు. చూడాల్సిన రంగులు వేరే ఉన్నాయి: సున్నంలాగ తెల్లగా వచ్చినా, రక్తం కనిపించినా డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి. ముఖ్యంగా తెల్ల మోషన్‌తో పాటు కామెర్లు తగ్గకుండా ఉంటే అస్సలు ఆలస్యం చేయొద్దు, కాలేయం నుంచి వచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు, దానికి ఆపరేషన్ ఎంత బేగి చేస్తే అంత మంచిది.

ఇంక తూకం. మా పాప 2.9 కిలోలతో పుట్టింది, నాలుగో రోజుకి 2.7. నేను ఏడ్చాను, పాలు పడలేదని, డబ్బా పాలు తెప్పించమన్నాను. ఆ వార్డులో ఒక నర్సమ్మ "డబ్బా తెచ్చీండి, మీకు పాలు లేవు" అనీసింది కూడా, పాలు ఒక్కసారి కూడా చూడకుండానే. నిజానికి పుట్టిన పిల్లలు మొదటి రోజుల్లో బరువు తగ్గడం మామూలు, నూటికి ఏడు వరకు అందరిలోనూ ఉండేదే, పది దాటితే మాత్రం చూపించాలి. పది నుంచి పద్నాలుగు రోజులకి పుట్టిన బరువుకి తిరిగొస్తారు. తర్వాత రోజుకి 20, 30 గ్రాముల చొప్పున పెరుగుతారు. అంటే వారానికి నూట యాభై, రెండొందల గ్రాములు. ఇంత చిన్న తేడాని రోజూ తూచి పట్టుకోలేం. మా చుట్టాలమ్మాయి ఒకావిడ బొబ్బిలిలో వాళ్ళ మావయ్య గారి బియ్యం కొట్టుకి రోజూ సాయంత్రం బిడ్డని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి కాటా మీద పెట్టించేది, ఆ కాటా యాభై గ్రాముల తేడా చూపిస్తుంది, పైగా పాలు తాగకముందు ఒక తూకం, తాగాక ఒక తూకం, ఆ తల్లికి ఒక రోజు సంతోషం ఒక రోజు ఏడుపు. వారానికోసారి, అదే మిషన్ మీద, బట్టల్లేకుండా తూచండి చాలు.

అంతకంటే మంచి దారి ఆశా వర్కర్. ఆసుపత్రిలో కాన్పయితే ఆవిడ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, బరువు చూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది. రాకపోతే మీరే కబురు పెట్టండి. మీ అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకుని ఆవిడ వచ్చినప్పుడు అడగండి. రాత్రి రెండింటికి గూగుల్‌లో వెతికితే ప్రతి దగ్గుకీ ఒక పెద్ద జబ్బు కనిపిస్తుంది, నేను చాలా చూశాను, ఏదీ మా పాపకి లేదు.

గేటు దగ్గర శానిటైజర్

ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. మా నాన్నకి చిన్న కొట్టుంది. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చేతులకి శానిటైజర్ రాసుకుని, అప్పుడు కూడా గుమ్మం దగ్గరే నిలబడి చూడాలని చెప్పాను. ఆయన ఎనిమిది రోజులు ఎత్తుకోలేదు మనవరాలిని. గుమ్మం పట్టుకుని చూసి, "పడుకుందా అమ్మా" అని వెళ్ళిపోయేవారు. పురుడు నాడు మా మామ్మ పాపని తీసుకెళ్ళి నాన్న ఒళ్ళో పెట్టీసింది నన్నడక్కుండా, ఆయన చేతులు వణికాయి.

బయట నుంచి వచ్చినవాళ్ళు సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుంటే చాలు, మోచేతుల దాకా. కడిగిన చేతికి శానిటైజర్ మళ్ళీ అక్కర్లేదు. ఇది మాత్రం అందరికీ, మావగారైనా ఆడపడుచైనా, మీరు కూడా గుడ్డలు మార్చాక ప్రతిసారీ. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు దగ్గరకి రాకూడదు, ఇంట్లో వాళ్ళైనా సరే, తల్లికే జలుబైతే మాస్క్ పెట్టుకుని పాలివ్వచ్చు, పాలు ఆపక్కర్లేదు. మొహం మీద ముద్దులు ఎవరూ పెట్టకూడదు, పెదవి మీద పొక్కులున్నవాళ్ళు అసలు పెట్టకూడదు, పెద్దవాళ్ళలో అది చిన్న పుండు గానీ పుట్టిన బిడ్డకి ప్రాణం మీదకొస్తుంది. దీని మీద ఎవరు చిన్నబుచ్చుకున్నా వెనక్కి తగ్గొద్దు. "కాళ్ళకి ముద్దు పెట్టుకోండి అత్తా" అనండి, నేను అలగే అనేదాన్ని, అందరూ ఒప్పుకున్నారు.

నీళ్ళలో డెట్టాల్ కలిపి పోయడం, నేల రోజుకి మూడుసార్లు ఫినాయిల్‌తో తుడవడం వదిలీండి. బిడ్డ చర్మం చాలా పలచన, ఆ మందుకి ఎర్రగా పొక్కుతుంది. ఉత్త గోరువెచ్చటి నీళ్ళు చాలు, మోచెయ్యి ముంచి చూసుకుని పోయండి.

ఎండాకాలంలో స్వెట్టర్లు

శ్రీకాకుళంలో ఏప్రిల్ నెల ఉక్క ఎలగుంటుందో తెల్సు కదా, కరెంటు పోతే పెద్దవాళ్ళమే వాకిట్లోకి వచ్చీస్తాం. అలాంటి రోజుల్లో మా ఆడపడుచు వాళ్ళ బాబుకి టోపీ, సాక్సు, చేతులకి గ్లౌజులు, పైన ఉన్ని దుప్పటి, ఎందుకంటే కాళ్ళు చల్లగా తగిలాయట. మెడ చుట్టూ, వీపంతా చెమటకాయలు. ఒళ్ళు కాలుతోందని జ్వరం అనుకుని ఆటోలో పరిగెత్తారు, డాక్టర్ గారు ఆ గుడ్డలన్నీ విప్పించి పావుగంట ఆగి చూస్తే ఒళ్ళు చల్లబడింది.

చేతులూ కాళ్ళూ పట్టుకుని చూడకండి, అవి మొదటి వారాల్లో చల్లగానే ఉంటాయి. గుండె మీదో వీపు మీదో చెయ్యి పెట్టి చూడండి, అక్కడ వెచ్చగా పొడిగా ఉంటే బాగున్నట్టు, చెమట పట్టి ఉంటే ఒక గుడ్డ తీసీండి. మనం వేసుకున్నదానికంటే ఒక్క పొర ఎక్కువ, అంతే లెక్క. మన మామ్మల పాత నేత చీరలు ఉతికి ఉతికి మెత్తబడినవి ఉంటాయి కదా, పొందూరు ఖద్దరు పంచెలైనా సరే, వాటిని చింపి కుట్టిన లంగోటీలూ జుబ్బాలూ కంటే మంచి బట్ట మన ఎండలకి ఇంకోటి లేదు. డిసెంబర్ చలికి టోపీ పెట్టండి, పెట్టాల్సిందే, నెల తక్కువ పిల్లలకి, బరువు తక్కువ పిల్లలకి మరీను. అలాంటి పిల్లల్ని తల్లి గుండెలకి ఆన్చి పెట్టుకోవడం కంటే వెచ్చదనం ఏ దుప్పటీ ఇవ్వదు.

ఎండలకి నాలిక తడపాలని చెంచాడు నీళ్ళు పోస్తామంటారు పెద్దవాళ్ళు. వద్దని గట్టిగా చెప్పండి. పాలల్లో నూటికి ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది వంతులు నీళ్ళే. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఏదీ వద్దు, నీళ్ళూ, గ్రైప్ వాటరూ, వస ముక్క అరగదీసిందీ ఏదీ. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకూడదు, దానిలో ఉండే ఒక రకం క్రిమి చంటిపిల్లల పేగుల్లో విషం తయారు చేస్తుంది.

పెద్దవాళ్ళతో ఎలగ

మనం అక్కర్లేనివాటికి భయపడతాం, వాళ్ళు భయపడాల్సినవాటిని మామూలుగా చేసీస్తారు, ఇదే నాకు అన్నింటికంటే బాధ. నీళ్ళు పోసే ఆవిడ చెవుల్లో ముక్కులో నూనె పోసి, ముక్కులోకి ఊది, తర్వాత సాంబ్రాణి పొగ పట్టింది. నూనెతో ఒళ్ళు మర్దనా మంచిదే, మెత్తగా చేస్తే బిడ్డకి హాయి. చెవుల్లో ముక్కులో పోయడం మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దు. పొగ కూడా వద్దు. కళ్ళకి కాటుక వద్దు, కాటుకలో సీసం కలిసి ఉండొచ్చు, అది పిల్లల మెదడుకి మంచిది కాదు. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, మా అత్తమ్మ దానికి ఒప్పుకుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి వాకిట్లోకి తీసుకెళ్ళి వేసుకోమనండి, బిడ్డ గదిలో పొగ వద్దు. బొడ్డుకి పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏదీ రాయకూడదు, పొడిగా వదిలీస్తే ఐదు నుంచి పదిహేను రోజుల్లో ఊడిపోతుంది. మెడలో నల్లతాడు వద్దు, మొలతాడు వదులుగా కట్టి నెలనెలా చూసుకోవాలి. చన్నుల్లో పాలున్నాయని పిండుతారు, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా, దయచేసి ముట్టుకోనివ్వకండి, అవి తల్లి హార్మోన్ల వల్ల ఉబ్బుతాయి, వాటంతటవే పోతాయి, పిండితే చీము పడుతుంది. ఆడపిల్లకి మొదటి వారంలో కింద ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించినా అదే కారణం.

చెప్పేటప్పుడు "డాక్టర్ గారు వద్దన్నారు" అనండి, "మీకు తెలీదు" అనొద్దు. ఇంకోటి, వద్దన్న ప్రతిదానికీ ఒక పని అప్పజెప్పండి. మా మామ్మకి ఉయ్యాల పాట అప్పజెప్పాను, సాయంత్రం ఏడుపు టైంలో. మొదటి నెలన్నర దాకా ఏడుపు పెరుగుతూనే ఉంటుంది, సాయంత్రాలు మరీను, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది, పాలు తాగి, గుడ్డ పొడిగా ఉండి, జ్వరం లేకపోతే ఎత్తుకుని తిరగడమే మందు. మా మామ్మ భుజం మీద ఆగినంత బేగి నా దగ్గర ఆగేది కాదు.

వెంటనే కదలాల్సినవి

ఎక్కిళ్ళు, తుమ్ములు, పాలు కొంచెం కక్కడం, మాడు టపటపా కొట్టుకోవడం, ఒంటి మీద ఎర్రటి చిన్న పొక్కులు వచ్చి పోవడం, చర్మం పొట్టు లేవడం, వీటికి ఏమీ చేయక్కర్లేదు. నుదుటి మీద దారప్పోగు తడిపి పెట్టినా పెట్టకపోయినా ఎక్కిళ్ళు పోతాయి.

ఇవి మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించండి, ఇంట్లో అందరూ చదివేలాగ. రెండు నెలల లోపు బిడ్డకి చంకలో థర్మామీటర్ పెడితే 99.5 గానీ అంతకంటే పైన గానీ ఉంటే (ముందు ఎక్కువ గుడ్డలు తీసి పావుగంట ఆగి మళ్ళీ చూడండి), లేదా 95.9 కంటే తక్కువుంటే, పాలు తాగడం మానీస్తే, లేపినా మగతగా వేలాడుతుంటే, ఊపిరి గురించి పైన చెప్పినవి కనిపిస్తే, మొదటి రోజే పసుపు రంగు వచ్చినా తర్వాతైనా అరచేతులూ అరికాళ్ళూ పసుపెక్కినా, వాంతి ఆకుపచ్చగా అయినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టినా, మాడు ఉబ్బినా లోపలికి గుంట పడినా, ఉచ్చ బాగా తగ్గిపోయినా. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దాం అనుకోవద్దు, సొంతంగా జ్వరం చుక్కలు వేయొద్దు, బయల్దేరాలి. అప్పుడే పుట్టిన పిల్లల కోసమే జిల్లా ఆసుపత్రుల్లో విడిగా వార్డు ఉంటుంది, అక్కడికి ముందే దారి, ఫోన్ నంబరు, అర్ధరాత్రి వచ్చే ఆటో ఎవరిది, ఇవన్నీ ఎనిమిదో నెలలోనే కనుక్కుని పెట్టుకోండి. దారిలో బిడ్డని గుండెలకి ఆన్చి వెచ్చగా ఉంచి, తాగగలిగితే పాలు పడుతూ తీసుకెళ్ళాలి.

తల్లి సంగతి కూడా చెప్పాలి. మొదటి వారం పది రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. కానీ రెండు వారాలు దాటినా బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఏదో అయిపోతుందన్న ఆలోచన తల్లోంచి పోకపోతే, బిడ్డ మీద అసలు మనసు పోకపోతే, అది మీ తప్పు కాదు, దానికి వైద్యం ఉంది. మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ ఉంది, టెలీ మానస్ అని, 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, ఏ టైంలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీకు మీరే ఏమైనా చేసుకోవాలనో బిడ్డని ఏమైనా చేయాలనో అనిపిస్తే ఇంట్లోవాళ్ళకి అప్పటికప్పుడు చెప్పీండి, ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్ళు కూడా "మేమందరం కన్లేదేటి" అనకండి ఆ పిల్లతో.

గోళ్ళు పళ్ళతో కొరకొద్దు, బిడ్డ పడుకున్నాక చిన్న కత్తెరతో తీయండి, గ్లౌజులు రోజంతా అక్కర్లేదు, వేళ్ళు నోట్లో పెట్టుకునే పిల్లలకి ఆకలి ఎప్పుడో మనకి తెలిసేది ఆ వేళ్ళ వల్లే.

ఇంక ఒక్కటి, దీనికి ఎవరూ భయపడరు, నేనూ పడలేదు. కాన్పయిన మూడో నెల నుంచి తల్లి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుక ఒకటి సాక్సులోనో దుప్పట్లోనో ఉండి బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే బిగుసుకుపోతుంది, వేలు వాచిపోతుంది, బిడ్డ ఎందుకేడుస్తుందో తెలీదు. మా పాప ఒక మధ్యాహ్నమంతా ఏడ్చింది, నేను జ్వరం చూశాను, చెవులు చూశాను, పొట్ట చూశాను, ఊపిరి కూడా లెక్కపెట్టాను, 44. సాయంత్రం అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తోముతుంటే ఎడమకాలి రెండో వేలి దగ్గర ఆగింది. కళ్ళజోడు తెమ్మంది. నా వెంట్రుకే.